ఖాళీ అని రాసిన అరుగులు

నేను కొలిస్తే మళ్లీ కొలవక్కర్లేదని మా ఆఫీసులో ఒక పేరు. ఆ పేరు చూసుకుని పదిహేనేళ్లు మురిసిపోయాను. పాత ఊళ్లలో వీధులు కొలవడం నా ఉద్యోగం. ఈ వీధి చూడ్డానికి బయటి జనం వస్తారా, వస్తే ఎక్కడ నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, కారు ఎక్కడ ఆపుతారు, దాహమేస్తే నీళ్లెక్కడ దొరుకుతాయి, ఇవన్నీ చూసి, ఒక్కోదానికి మార్కులు వేసి, ఏం కట్టాలో ఏం బాగుచెయ్యాలో రాసివ్వాలి. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీ మాది. మూడేళ్ల కిందట విజయనగరం పాత ఊళ్లో, కోటకి కూతవేటు దూరంలో ఉన్న ఒక బజారు వీధి మా చేతికి వచ్చింది. ఆ వీధిని నేను పాడుచేశాను. ఈ మాట ముందే చెప్పేస్తే కాస్త తేలికపడతాననుకున్నాను. పడలేదు.

వీధి పెద్దదేం కాదు. రెండు పక్కలా వ్యాపారుల ఇళ్లు, ముందు కొట్టు, వెనక కాపురం. ప్రతి ఇంటి ముందూ రాతి అరుగు, దాని మీదకి దిగిన పెంకుల చూరు, చెక్కడం పనిచేసిన కర్ర స్తంభాలు. నూనె, బెల్లం, తాళ్లు, చాపలు, పూజ సామాను అమ్మే కొట్లు. కానీ జనం ఆ వీధికి వచ్చేది కొట్ల కోసం కాదు, అరుగుల మీద కూర్చుని కూరలమ్మే ఆడవాళ్ల కోసం. వాళ్లంతా ఒకే ఊరి రైతు కుటుంబాల వాళ్లు. పొద్దున్నే మొదటి బస్సు దిగి, ఎవరి అరుగు వాళ్లు తుడిచి, నీళ్లు చల్లి, ముగ్గేసి, గోనెపట్టా పరుచుకుని కూర్చుంటారు. తోటకూర, గోంగూర, బీరకాయలు, ఆ రోజు చేలో ఏది కోతకొస్తే అది. మొదటి కట్ట ఆ అరుగు గల ఇంటికి ఊరికే ఇచ్చేస్తారు. అంతకు మించి ఒప్పందం లేదు, కాగితం లేదు. అత్త కూర్చున్న చోట కోడలు కూర్చుంటుంది. ముందు ఒక పంటకాలం కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని బేరం నేర్పుతుంది అత్త, ఆ తర్వాత తను ఇంటి పట్టున ఉండిపోతుంది. ఎన్ని తరాల నుంచి ఈ పద్ధతో వాళ్లకే తెలియదు.

మొదటిసారి వెళ్లిన రోజు చైత్రం ఎండ నడినెత్తి మీద ఉంది. నేను గొడుగు మర్చిపోయి, ఫారాల కట్ట నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను. తాళ్ల కొట్టు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామె నన్ను కేకేసింది.

"ఏటలగ ఎండలో తిరుగుతన్నావు? ఇలగ నీడకి రా. ఏవూరు మీది?"

నరసన్నపేట పక్కన అని ఊరి పేరు చెప్పాను.

"ఓలమ్మ! మా అప్పనిచ్చింది మీ పక్కూరే కదేటి. మరైతే నాకు కూతురు వరసౌతావు."

అంతే, ఆ నిమిషం నుంచి నేను ఆమెకి పిల్లని, ఆమె నాకు పిన్ని. మా వైపు చుట్టరికం కలుపుకోడానికి అక్కనిచ్చిన ఊరు పక్కదైతే చాలు, అంతకంటే ఏమీ అక్కర్లేదు. చేతిలో ఆ కాగితాలేమిటని అడిగింది. ఈ వీధి చూడ్డానికి దూరాల నుంచి జనం వచ్చేలా చేస్తారట, దానికి ఏమేం కావాలో రాసుకోడానికి వచ్చానన్నాను. పిన్ని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అయితే ఒకటి రాయి. ఆడోల్లకి ఒక బాత్రూము. మావు తెల్లారి వచ్చీసి, మద్దేనం బస్సెక్కీదాకా నీల్లు తాగం. తాగితే ఎక్కడికెల్తాం? నాకంటే అలవాటైపోనాది. ఈ కార్తీకానికి కోడల్ని తెచ్చి ఇక్కడ కూకోబెట్టీసి, నాను ఇంటికాడ ఉండిపోదామనుకుంతన్నాను. అది నీల్లు తాగకుండా ఉండలేదు."

రాశాను. మరుగుదొడ్లు అన్న గడిలో సున్నా వేసి, పక్కన 'అత్యవసరం' అని రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

మా సర్వేకి రెండు ఫారాలుంటాయి. ఒకటి కొలతలది. వీధి వెడల్పెంత, అరుగు ఎత్తెంత, చూరు ఎక్కడిదాకా వచ్చింది, ఏది పగిలింది. రెండోది వాడకానిది. అరుగు మీద పొద్దున ఎవరున్నారు, మధ్యాహ్నం ఎవరున్నారు, సాయంత్రం ఎవరున్నారు. ఈ రెండూ ఒకే రోజు చెయ్యకూడదు. టేపు పట్టుకుని కొలవాలంటే వీధి ఖాళీగా ఉండాలి, మనుషుల్ని లెక్కపెట్టాలంటే నిండుగా ఉండాలి. కొత్తగా చేరిన వాళ్లకి ఈ పాఠం చెప్పేదే నేను.

కొలతలకి ఎప్పుడు రమ్మంటారని తాళ్ల కొట్టు సావుకారుని అడిగాను. ఆయన నెమ్మదస్తుడు, ప్రతి మాటా తూచి మాట్లాడే మనిషి.

"మంగళవారం రండి మేడం గారూ. ఆళ్ల ఊళ్లో అమ్మోరి పండగ. పొలిమేర కట్టీస్తారు. ఒక్కర్తీ రాదు."

పొలిమేర కట్టడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్లోనూ ఉంది. కొన్నేళ్లకోసారి గ్రామదేవత పండగ చేసేటప్పుడు, ఊరి దారులకి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాళ్లు కడతారు. అవి విప్పేదాకా ఊళ్లోవాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. నా చిన్నప్పుడు ఒకసారి మా గేదె పొలిమేర అవతల ఉండిపోయింది. మా నాన్న తాడుకి ఇవతల కూలబడి, అది అరుస్తుంటే రోజంతా చూస్తూ కూర్చున్నాడు. గుడికి వెళ్లమంటే పని ఉందని తప్పించుకునే మనిషి ఆయన. అయినా తాడు దాటలేదు. అలాంటి కట్టుబాటు అది. అన్నీ తెలిసినదాన్ని గనకనే ఆ మంగళవారం నాకు పండగలా అనిపించింది. వీధి ఖాళీ, పని సులువు.

టేపు రెండో కొస పట్టుకోడానికి మా డ్రాఫ్ట్స్‌మన్‌ని తీసుకెళ్లాను. అడ్డొచ్చావని తిట్టేవాళ్లు లేరు, బుట్టలు తప్పించుకుని నడిచే బాధ లేదు. పదకొండింటికల్లా కొలతలన్నీ అయిపోయాయి. పిన్ని కూర్చునే చోట రాయి అరిగిపోయి కొంచెం గుంట పడి ఉంది. దానికి ఎదురుగా 'దెబ్బతింది, సరిచెయ్యాలి' అని రాశాను. రాస్తున్నప్పుడు నాకేమీ తట్టలేదు. ఎంతమంది అత్తలు, ఎంతమంది కోడళ్లు కూర్చుంటే రాయి అలా అవుతుందన్నది ఆ తర్వాత ఎప్పుడో తట్టింది.

అప్పుడే మా సారు ఫోన్ చేశాడు. శుక్రవారం రిపోర్టు అందాలట, రెండో ఫారం కూడా ఇవాళే నింపుకుని రమ్మన్నాడు. ఇవాళ ఎవరూ లేరండీ అన్నాను. "ఉన్నంతలో రాయండి, తర్వాత చూసుకుందాం" అన్నాడు. నేను అరుగుల వరసంతా పొద్దున ఖాళీ, మధ్యాహ్నం ఖాళీ, సాయంత్రం ఖాళీ అని రాసుకుంటూ పోయాను. సాయంత్రం దాకా ఉండను కూడా లేదు. పెన్సిల్‌తోనే రాశాను గదా, గురువారం మళ్లీ వచ్చి దిద్దుకుంటానులే అనుకున్నాను. గురువారం మ్యాపులు గీయడంతో సరిపోయింది. శుక్రవారం రిపోర్టు వెళ్లిపోయింది. కంప్యూటర్లోకి ఎక్కించే వాళ్లకి పెన్సిలేది, పెన్నేది?

రిపోర్టు అట్ట మీద ఆ మంగళవారం తీసిన ఫోటో వేశారు. చాలా అందమైన ఫోటో, ఒప్పుకోవాలి. చూరుల కిందకి ఏటవాలుగా ఎండ, మనిషి మొహం లేని అరుగులు, స్తంభాల నీడలు. ఈ వీధి బాగుచేసే పథకం చూసే ప్రభుత్వ ఆఫీసులో మీటింగుకి నన్నూ తీసుకెళ్లారు. అందరూ ఆ ఫోటో చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకున్నారు. ఒక పెద్దాయన కాగితాలు తిరగేసి, "అరుగులు ఎవరూ వాడటం లేదు కాబట్టి మనకి ఇబ్బంది లేదు. శుభ్రంగా బాగుచేసి చూడ్డానికి పెడదాం" అన్నాడు. నేను బల్లకి ఇవతలే ఉన్నాను. నోరు తెరిస్తే రెండో ఫారం ఎప్పుడు చేశావని అడుగుతారు. అరుగులు కూల్చమనడం లేదుగా, కాపాడమంటున్నారుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఏమిటో ఆ రోజు నాకు అనుభవమైంది. టీ కూడా తాగి వచ్చాను.

దసరా వెళ్లగానే పనులు మొదలుపెట్టారు. ఆడవాళ్లని కొన్నాళ్లు బైపాసు రోడ్డు పక్కన కూర్చోమన్నారు. పనులయ్యాక ఆ వీధిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. స్తంభాలకి వార్నిష్, కొట్లన్నిటికీ ఒకే రంగు బోర్డులు, పాత తరహా దీపాలు. పిన్ని చోట గుంట పూడ్చి రాయి నున్నగా చేశారు. ప్రతి అరుగుకీ అడ్డంగా ఒక గొలుసు, గొలుసుకి ఒక పలక: 'వారసత్వ కట్టడం. కూర్చోరాదు.' వీధి చివర ఆడవాళ్లకి బాత్రూము కూడా కట్టారు, నేను గీత గీసినందుకు. దానికి తాళం. వాచ్‌మన్‌ని అడిగితే టూరిస్టులొస్తే తీస్తామన్నాడు.

ఆదివారాలు ఎవరో ఇద్దరు ముగ్గురు వస్తారు. ఫోటోలు తీసుకుంటారు. కూర్చోడానికి చోటుండదు, కొనడానికి ఏమీ ఉండదు, మాట్లాడ్డానికి మనుషులుండరు. పది నిమిషాల్లో వెళ్లిపోతారు. తాళ్ల కొట్టు సావుకారు నన్ను చూసి నవ్వాడు, ఏడవలేక.

"కూరకొచ్చినోళ్లే మేడం గారూ తాడు కొనుక్కెళ్లీవోళ్లు. తాడు కోసమని ఎవులొస్తారు?"

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. మేం వినాయకుణ్ణే చేశాం, తొండంతో సహా అన్నీ కుదిరాయి. దణ్ణం పెట్టేవాళ్లని మాత్రం తరిమేశాం.

పిన్ని బైపాసు పక్కన కనిపించింది. నెత్తిన తడిగుడ్డ, కూరల మీద ఇంకో తడిగుడ్డ. లారీ వెళ్లినప్పుడల్లా రెండింటి మీదా దుమ్ము. పక్కన కోడలు కూర్చుని ఉంది, సన్నగా, మాటకి ముందు అత్త మొహం చూస్తూ. కార్తీకం వచ్చి వెళ్లిపోయింది, కోడల్ని కూర్చోబెట్టిన చోటు మాత్రం ఇదైంది. వీధి చివర చిన్న చిన్న గదులు కట్టారు, పనుల వల్ల చోటు పోయినవాళ్లకి ఇవ్వడానికని. అందులో ఒక్కటి దొరికితే చాలు, కోడలికి నీడ ఉంటుంది. కానీ సర్వేలో ఉన్నవాళ్లకే ఇస్తారట. ఈ ఆడవాళ్లలో ఒక్కరూ సర్వేలో లేరు.

"వచ్చీసినావా పిల్లా, నా పేనం లేసొచ్చినాది" అంది పిన్ని, నా చెయ్యి పట్టుకుని. "సూడు, ఆపీసోల్లు మావు ఆ ఈదిలో ఎప్పుడూ లేమంతన్నారు. ఎవులో అలగ రాసీసినారట. ఎవులు రాసినారో గాని ఆల్ల నోట్లో మన్నడిపోను. నువ్వు సదూకున్నదానివి కదా, మావున్నామని ఒక అర్జీ రాసిపెట్టు."

రాసింది నేనే అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుక దాకా వచ్చింది, పంటి దాకా రాలేదు. అక్కడే కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని అర్జీ రాశాను. ఏ అరుగు మీద ఎవరు, వాళ్ల అత్త ఎవరు, అత్తకి అత్త ఎవరు, ఏ కొట్టు వాళ్లు ఎరుగుదురు, అన్నీ అడిగి రాశాను. సర్వేలో నేను చెయ్యాల్సిన రెండో ఫారం అదే, ఏడాది ఆలస్యంగా. అందరూ వేలిముద్రలు వేశారు. కోడలు ఒక్కతే సంతకం పెట్టింది. ఏడో తరగతి దాకా చదివిందట.

నెల తిరక్కుండా ఆ అర్జీ నా బల్ల మీదకే వచ్చింది. సర్వే చేసింది మీరే కాబట్టి దీని మీద మీ అభిప్రాయం రాసి పంపండని పథకం ఆఫీసు వాళ్లు మా కంపెనీకి పంపారు. నా దస్తూరీని నేనే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి సారు గదిలోకి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"చూడండి, ఇప్పుడు ఈ ఒక్క ఫారం తప్పంటే రిపోర్టంతా తప్పంటారు. ఆ రిపోర్టు మీద కట్టినవన్నీ తప్పంటారు. సంతకం నాది కాదు, మీది. మీ ఇష్టం."

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. అది అబద్ధం. ఆ అనుభవంతో నాకు ఇంకోచోట ఉద్యోగం దొరికేది. నేను భయపడింది పేరు గురించి. నేను కొలిచింది తప్పని ఒక కాగితం మీద ఉంటుంది, దాన్ని డ్రాఫ్ట్స్‌మన్ చదువుతాడు, నేను పాఠం చెప్పిన పిల్లలు చదువుతారు. పది పన్నెండు కుటుంబాల నీడ ఒక పక్క, నా పేరు ఒక పక్క. తూకం వెయ్యడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు. రెండు వాక్యాలు రాశాను: 'క్షేత్ర సర్వే సమయంలో సదరు అరుగులపై ఎవరూ లేరు. అర్జీలో పేర్కొన్న విషయానికి ఆధారం లభించలేదు.' మొదటి వాక్యంలో అబద్ధమే లేదు. అంత నీతిగా రాశాను. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె కూడా నాలా తప్పేమీ లేనట్టే నిలబడి మేసి ఉంటుంది.

కొన్ని వారాలకి కోడలు ఫోన్ చేసింది. ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని, అత్త నా ఎదురుగానే చదవమంటోందని చెప్పింది. అర్జీ రాసింది నేను కాబట్టి, మంచి కబురైతే ముందు నేను వినాలట. వెళ్లకుండా ఉండొచ్చు. కానీ ఉత్తరంలో ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, దాన్ని వాళ్లు వింటున్నప్పుడు నేను విశాఖపట్నంలో కూర్చుని ఉండటం ఇంకా నీచమనిపించింది. నిజం చెప్పాలంటే ఇంకో ఆశ కూడా ఉంది. ఉత్తరంలో నా ఊసు ఉండదని, వాళ్లతో పాటు నేనూ ఆ ఆఫీసుని నాలుగు తిట్టి వచ్చేయొచ్చని.

పిన్ని నన్ను తన గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. కోడలు కవరు చింపి, కూడబలుక్కుంటూ చదివింది. సదరు, క్షేత్ర, లభించలేదు, ఇలాంటి మాటల దగ్గర ఆగి మళ్లీ మొదలుపెట్టింది. ఒప్పుకోలేదన్న సంగతి పిన్నికి సగంలోనే అర్థమైంది. "సరే, కానీ" అంది, ఇంకా ఏమైనా దారి రాశారేమో అన్నట్టు. కింద ఇంకో కాగితం జతచేసి ఉంది, నేను రాసిన రెండు వాక్యాలది, పైన సర్వే చేసిన మంగళవారం తేదీతో సహా. దాని అడుగున చదువుతూ కోడలు ఆగిపోయింది.

"ఆగిపోనావేటి? సదువు."

"పేరత్తా."

"ఎవులి పేరు?"

కోడలు నా వైపు చూసింది. ఆ పిల్ల చేత అనిపించడం దేనికని నేనే అన్నాను.

"నాది పిన్నీ. సర్వే చేసింది నేనే. ఖాళీ అని రాసింది నేనే. ఇప్పుడు లేరని రాసిందీ నేనే."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని మనసులో మొక్కుకున్నాను. మా వైపు తిట్టారంటే ఇంకా మనవాళ్లలోనే లెక్క. ఆమె తిట్టలేదు. నా మొహం కేసి చూసింది. తర్వాత నింపాదిగా అడిగింది.

"ఆ మంగలారం అమ్మోరి పండగని, మావు రామని నీకు తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే ఆ రోజొచ్చినావా?"

"తెలిసే వచ్చాను."

పిన్ని తలూపింది. కోడలి చేతిలోంచి కాగితాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బుట్ట అడుగున దోపింది. నేను కూర్చున్న గోనెపట్టా కొస పట్టుకుని మెల్లగా తన వైపు లాక్కుంది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పట్టా సర్దుకుని, కూరల మీద నీళ్లు చిలకరించి, ఒక కట్ట చేతిలోకి తీసుకుంది. దారినపోయేవాళ్లని అడిగినట్టే, కోపమేమీ లేకుండా నన్ను అడిగింది.

"తోటకూర కావాలేటి మేడం గారూ? ఇప్పుడే కోసుకొచ్చినాది."